ఎడమ పక్క ఖాళీ

అద్దం ముందు, తాళం తర్వాత. లారీ మీద మట్టయ్య ఉస్తాద్ నేర్పిన మొదటి పాఠం అది. బండెక్కి కూర్చున్నాక చెయ్యి తాళంచెవి మీదికి పోకూడదు, అద్దం మీదికి పోవాలి, అందులో మన బండి ఒళ్లు నూలుపోగంత కనపడాలి, అంతకు మించి కనపడితే అది క్షవరానికి పనికొచ్చే అద్దమే గాని బండి అద్దం కాదు, ఆకాశం సగం, రోడ్డు సగం, అనేవాడు. ఇక్కడ తాళమూ లేదు, బండీ లేదు. ఒక సీటు, ఒక స్టీరింగు, కాళ్ల దగ్గర పెడళ్లు, ఎదురుగా అర్ధచంద్రంలా మూడు తెరలు. చైతన్యపురి మెట్రో స్టేషను ఎదుటి సందులో, కోచింగు సెంటర్ల బోర్డుల వెనక, మూడో అంతస్తులో, పట్టపగలు కర్టెన్లు వేసి చీకటి చేసుకున్న గదిలో, యాభై దగ్గర పడుతున్న మనిషిని, హాస్టలు పిల్లలాడే కారాటకు అద్దాలు సర్దుకుంటూ కూర్చున్నాను. నవ్వేవాళ్లు నవ్వుకోండి. సోమవారం నుంచి నా వ్యానులో మళ్లీ బడి పిల్లలెక్కుతారు, ఎక్కాలా వద్దా అన్నది ఈ గంటలో తేలాలి, తేల్చేవాడిని నేనే, డాక్టరు కాదు.

"సీటు కొంచెం ముందుకి జరుపుకోండి అంకుల్. గుద్దితే సీటు కూడా అదురుతుందండి, కంగారు పడిపోకండి," అంది ఈ గది చూసుకునే అమ్మాయి. అమల అట పేరు, గోదావరి వైపు పిల్ల. నేను లోపలికి రాగానే రేసు కావాలా అని అడిగింది, రేసు గీసు వద్దు బిడ్డా, మామూలు రోడ్డు కావాలె, ట్రాఫిక్ ఉండాలె, అద్దాలు ఉండాలె అన్నాను. "జపాన్ రోడ్డు పెడతానండి. వాళ్లదీ మనలాగే, స్టీరింగు కుడివైపు, నడక ఎడమవైపు. ఈ మీటలు నొక్కితే అద్దాలు తిరుగుతాయి," అని హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించి పోయింది. ఇంజను చప్పుడు తప్ప లోకం అంతా మూసుకుపోయింది. ఈ సలహా ఇచ్చింది సైదులు, ఆటో సైదులు, మా ఊరివాడే, నా వ్యాను పిల్లల్ని ఈ మూడు నెలలుగా తన ఆటోలో కుక్కి బడికి తోలుతున్నవాడు. పో, ఆడ కూసొని నడిపి చూడు, గుద్దినా ఎవడు సావడు, కేసు గాదు, అన్నాడు. వాడికి ఎకసెక్కం. నాకు మాత్రం ఆ మాట పట్టుకుంది.

కుడి అద్దం చిటికెలో కుదిరింది. నడిమి అద్దం అంతకన్నా తొందరగా. పేచీ అంతా ఎడమ అద్దం దగ్గరే. మెడ పూర్తిగా తిప్పితే గాని అది దొరకలేదు, దొరికాక మీట నొక్కి లోపలికి తిప్పితే నా తలుపే నిండిపోయింది, బయటికి తిప్పితే సిమెంటు గోడ, పైకి తిప్పితే జపాన్ ఆకాశం, అదీ మన ఆకాశమే, చూడ్డానికి ఏమీ లేదు. ఒక్కొక్క నొక్కుగా తెచ్చి తెచ్చి నూలుపోగంత దగ్గర ఆపాను. కుదిరింది. ఉస్తాద్ ఉంటే భుజం చరిచేవాడు. మెడ తిప్పి ముందుకు చూశాను, అద్దం లేదు. పోయిందని కూడా అనిపించలేదు, అదే విచిత్రం. జనం అనుకుంటారు చూపు పోతే చీకటి పడుతుందని, సగం చూపు పోతే సగం కర్టెను పడుతుందని. కర్టెను పడితే బాగుండేది, ఇక్కడ కర్టెను ఉందిరా అని తెలిసేది. నాకు ఎడమ పక్కన చీకటి లేదు, మసక లేదు, ఏమీ లేదు. మీకు మీ వీపు వెనక ఎట్లా కనపడుతుంది? నల్లగా కనపడుతుందా? అంతే.

ఎడమ అంటే క్లీనరుది. అది లారీ ధర్మం. "లెఫ్ట్ నీది, రైట్ నాది, నడుమ దేవునిది" అనేవాడు ఉస్తాద్, నల్గొండ బత్తాయి లోడుతో కొత్తపేట మార్కెట్టుకు వచ్చేటప్పుడు, ఆ మార్కెట్టు బాటసింగారం పోకముందు మాట. నేను ఎడమ తలుపుకు వేలాడేవాణ్ణి, మీసాలు రాని వయసు, ఎల్బీనగర్ చౌరస్తాలో జనమూ ఆటోలూ మేకలూ, నా అరచేతితో బండి ఒళ్లు చరిచేవాణ్ణి, ఒక్క చరుపు అంటే ఆగు, రెండు చరుపులంటే పో. ఆయన ఒక్కనాడు ఎడమకు తిరిగి చూసింది లేదు. నా చెయ్యి చెప్పింది అంటే చెప్పిందే. ఎడమ అద్దం మూసే ఉండేది, ఇప్పటికీ ఈ ఊళ్లో సగం కార్లకు ఎడమ అద్దం ముడుచుకునే ఉంటుంది, ఎవడో గీకిపోతాడని, పక్క సీట్లో పెళ్లాం ఉంటే ఆమే అద్దం, ఖాళీ ఉందా చూడవే అంటే ఉంది పో అంటుంది. నేను సొంత వ్యాను కొన్నాక మాత్రం ఆ అద్దం ముడవలేదు. పిల్లల బండి. రోజూ తుడిచి, రోజూ సరిచేసి, అప్పుడే తాళం. పదిమందిలో నాకు ఆ పేరు ఉంది. మహిపాల్ అద్దాలోడు అంటారు వనస్థలిపురం స్టాండులో.

క్లచ్చు వదిలాను. కారు కదిలింది. జపాన్ వాళ్ల రోడ్డు నున్నగా, మనిషన్నవాడు లేకుండా, వంతెనల మీద వంతెనలు, తెలియని అక్షరాల బోర్డులు. బాగానే పోతున్నాను. చేతులు మరిచిపోలేదు, ఎడమ చెయ్యి కూడా గేరు మీద తన పని తాను చేస్తోంది, మూడు నెలల కింద ఆ రోజు పొద్దున ఇదే చెయ్యి పళ్లపుల్ల పట్టుకోలేక జారవిడిచింది, నీళ్ల తొట్టి దగ్గర కూలబడ్డాను, మూతి వంకర పోయిందంట, నాకు తెలియదు, సుమిత్ర కేకలు తెలుసు, ఆటో తెలుసు, దవాఖానలో ట్యూబులైటు తెలుసు. తేలికపాటి పక్షవాతం, టైముకు తెచ్చారు, అదృష్టం అన్నారు. వారం తిరక్కుండా నడిచాను. నెల తిరక్కుండా చెయ్యి పైకి లేచింది. అందరూ మెచ్చుకున్నారు. అప్పుడు డాక్టరు నా ముక్కుకెదురుగా కూర్చుని, నా ముక్కే చూడు, వేలు కదిలితే చెప్పు అన్నాడు. కుడి పక్క అన్నీ చెప్పాను. ఎడమ పక్క, ఆయన చొక్కా చెయ్యి గరగరమంటే కదిలింది అన్నాను. పసిగట్టేశాడు. ఎడమ చూపు పోయింది మహిపాల్, రెండు కండ్లల్లో ఎడమ సగం, కండ్లు బాగానే ఉన్నయి, మెదడులో దెబ్బ, తిరిగి వస్తదో రాదో చెప్పలేం, బండి జోలికి మాత్రం పోకు అన్నాడు. బయట మందుల దుకాణం దగ్గర సుమిత్ర నిలబడి ఉంది. ఏమన్నడు అంది. అంత మంచిగనే ఉన్నదట అన్నాను. ఆమె నా ముఖం చాలాసేపు చూసి మందుల సంచి భుజానికి వేసుకుంది.

ఎడమ వరసలోకి మారాలి. ముందు నెమ్మదిగా ఒక లారీ పోతోంది. ఇండికేటరు వేశాను, మెడ తిప్పాను, అద్దం చూశాను, ఖాళీ, మెడ ముందుకు, స్టీరింగు ఎడమకు. సీటు ఎడమ పక్క దబ్బుమని ఒక్క చరుపు. ఆ వెంటనే తెరంతా గిర్రున తిరిగి, గోడ, ఆకాశం, గోడ, కారు అడ్డంగా ఆగింది. ఎక్కడిదది? ఖాళీయే కదా. మెషీను మోసం. ఈ ఆటలంతే, గాల్లోంచి కారు పుట్టిస్తాయి. గుద్దకముందే అదిరింది చూడండి సీటు, అంత దరిద్రపు మెషీను. మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఎడమ అద్దాన్ని ఇంకో రెండు నొక్కులు బయటికి తిప్పాను, పక్క వరస మరికాస్త పడేటట్టు. మళ్లీ లారీ, మళ్లీ మెడ, మళ్లీ ఖాళీ, మళ్లీ ఒక్క చరుపు, మళ్లీ గోడ. మూడోసారి అద్దాన్ని కిందికి దించాను. నాలుగోసారి సీటే వెనక్కి జరిపాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నా పని, ఆ మాట నాకే తోచింది, తోచినా మీటలు నొక్కడం ఆపలేదు. అద్దం సరిగ్గా కుదిరితే అంతా కుదురుతుంది. ఎక్కడో ఒక నొక్కు తేడా ఉంది. ఆ ఒక్క నొక్కు దొరికితే చాలు, సోమవారం.

నోరు ఎండింది. కుడి చేతికి ఆనుకుని మంచినీళ్ల సీసా ఉంది, మూత తీసి మరీ పెట్టింది ఆ పిల్ల, ఎప్పుడు పెట్టిందో, మంచి పిల్ల. ఇంట్లో కూడా ఈ మధ్య అన్నీ చేతికందుతున్నాయి. అంతకుముందు అన్నం దగ్గరే గొడవ. ఆస్పత్రి నుంచి వచ్చిన కొత్తలో నేను తిని చెయ్యి కడుక్కుంటే సుమిత్ర కంచం చూసి, కూర నచ్చలేదా అనేది. నచ్చకపోవడమేంది, మొత్తం తిన్న అనేవాణ్ణి. నా కంచంలో సగం అన్నం, సగం పప్పు, గీత గీసినట్టు అట్లాగే ఉండేదట. ఆమె మూడు రోజులు చూసింది. నాలుగో రోజు నుంచి నేను సగం తినగానే ఏదో వడ్డించే వంకతో వచ్చి కంచాన్ని ఇటు నుంచి అటు తిప్పిపోతుంది. తిప్పగానే ఎక్కడి నుంచో అన్నం వస్తుంది. మొదట్లో మారు వడ్డించింది అనుకున్నాను. మెల్లగా తెలిసింది, తెలిసీ అనలేదు, ఆమే అనలేదు, నేనెందుకు అంటాను? నడిచేటప్పుడు కూడా పక్క మార్చింది. పెళ్లయిన నాటి నుంచి ఎడమ పక్క నడిచిన మనిషి ఇప్పుడు కుడి పక్కకొచ్చి నడుస్తుంది. గుళ్లో కూడా అట్లాగే నిలబడితే పంతులు పక్క మారమన్నాడు, వినలేదు. ఈ రోజు మెట్రోలో కూడా కుడి పక్కనే కూర్చుంది. ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి బాబా గుడికి, నేను అంతకు ముందు స్టేషనులో దిగి సైదులుకు తెలిసిన మెకానిక్ దగ్గరికి, అని చెప్పాను. సరే అంది. తలుపు తెరుచుకోగానే దిగాను. చేతిసంచిలో రెండు జామకాయలు పెట్టింది, దారిలో తినమని. ఈ వారంగా ఇంట్లో జామకాయలే జామకాయలు, గూట్లో, ఫ్రిజ్జులో, కిటికీలో, ఎందుకే గిన్ని అంటే, తిను, మంచియి అంటుంది.

గంగాధరరావు గారు నిన్న మళ్లీ ఫోన్ చేశారు. రిటైరైన మనిషి, ఏలూరు వైపు వాళ్లు, మనవరాలు జోషితను నా వ్యానులోనే పంపిస్తారు. "మహిపాల్ గారూ, మా పిల్ల ఆ ఆటో ఎక్కనని ఒకటే ఏడుపండి. మీరుంటే మాకు నిశ్చింత. సోమవారం తప్పకుండా వచ్చేయండి," అన్నారు. ఆ మాట విన్నప్పుడు కండ్లల్లో నీళ్లు తిరిగాయి, అబద్ధమెందుకు. ఈ ఊళ్లో నాకున్నది ఆ మాట ఒక్కటే. వస్త సార్, సోమవారం పక్కా, అన్నాను. నోరు జారి అనలేదు, నమ్మే అన్నాను. ఎందుకు నమ్మానంటే పోయిన వారం తెల్లవారగట్ల వ్యాను తీశాను. సుమిత్ర పాలకు పోయింది. కవరు లాగి, అద్దాలు తుడిచి, సరిచేసి, అప్పుడే తాళం. పనామా చౌరస్తా నుంచి చింతలకుంట, చింతలకుంట నుంచి ఎల్బీనగర్, ఫ్లైఓవర్ కింద తిరిగి వెనక్కి. ఎంత బాగా పోయిందో! బండి నా చెయ్యి గుర్తుపట్టింది. రోడ్డు మీద కుడి పక్కంతా లారీలు, బస్సులు, ఎడమ పక్కంతా ఖాళీ. పోయేటప్పుడూ ఖాళీ, వచ్చేటప్పుడూ ఖాళీ. ఎవడో వెనక నుంచి అరిచాడు, ఈ ఊళ్లో అరవనివాడెవడు? ఇంటికొచ్చి బండి ఆపి, దిగి, వేపపుల్ల నములుతూ నిలబడి, డాక్టరు మొఖాన ఇంత కొట్టాననుకున్నాను. సంతోషంతో ఒళ్లు తేలిపోయింది.

హెడ్‌ఫోన్ ఒక చెవి మీద నుంచి ఎత్తి అమల వంగింది, కుడి పక్క నుంచే. "అంకుల్, ఒకటి చెయ్యనా? ఈ ఆటలో ఎడమ అద్దం ఎడమవైపే ఉండాలని లేదండి. దాన్ని పీకి ఎక్కడైనా పెట్టుకోవచ్చు. కుడివైపు పెట్టేస్తాను, చూడండి." ఏవో మీటలు నొక్కి, అద్దాన్ని పట్టి లాక్కొచ్చి కుడి తెర మీద, కుడి అద్దానికి పైన తగిలించింది. చదరంగా, చిన్నగా, నూలుపోగంత నా కారు ఒళ్లుతో. నేను పెట్టిన కొలతే, వెంట్రుకవాసి తేడా లేదు. నవ్వొచ్చింది. ఎడమ అద్దం కుడి పక్కన. బుర్ర తిరుగుడు పని. ఆమె హెడ్‌ఫోన్ దించింది, నేను కారు కదిపాను.

కారు కదిలింది, ఆ చిన్న అద్దంలో తెల్ల కారు ఒకటి. అది పోయింది, నల్లది వచ్చింది. దాని వెనక పొడుగాటి లారీ, లైట్లు వేసుకుని, నా పక్కకు ఆనుకుని, అద్దమంతా నిండిపోయి, పోయింది. మళ్లీ రెండు కార్లు. మళ్లీ ఒకటి. నేను ఎటూ తిరగలేదు, వరస మారలేదు, ఊరికే నేరుగా పోతూ ఆ అద్దమే చూస్తున్నాను. ఒక్క క్షణం ఖాళీ లేదు. ఇందాక కూడా ఇదే రోడ్డు కదా. ఇవే కార్లు కదా. అప్పుడు కూడా ఇట్లాగే నా మోచేతికి ఆనుకుని పోతున్నాయా ఇవన్నీ? మెడ తిప్పి చూసినప్పుడు ఖాళీ అనిపించింది ఎట్లా? తిప్పాననుకున్నాను, కొంచెం తిప్పాను, తిప్పిన మేరకు కనపడింది, కనపడిన దాని ఎడమ సగం మళ్లీ లేదు. అద్దంలోనూ అద్దానికి ఎడమ సగం లేదు. నొక్కు తేడా ఏమీ లేదు, అద్దం మొదటిసారే సరిగ్గా ఉంది. గుడ్డి కన్ను మూస్తే ఎంత, తెరిస్తే ఎంత. స్టీరింగు వదిలేద్దామంటే చేతులు వదలడం లేదు. ఎడమ పక్క ఖాళీ లేదు. ఏనాడూ ఖాళీ లేదు. ఈ మూడు నెలల్లో ఒక్కనాడూ ఖాళీ లేదు.

అంటే పోయిన వారం. పోయేటప్పుడూ ఖాళీ, వచ్చేటప్పుడూ ఖాళీ. తెల్లవారగట్ల చింతలకుంట రోడ్డు ఖాళీగా ఉంటుందా? పాలవాళ్లుంటారు, చీపుర్లు పట్టిన ఆడవాళ్లుంటారు, నడకకు వెళ్లే ముసలివాళ్లుంటారు. వ్యాను ఎడమ పక్కన, తలుపు కింద, నీలం గీత. రెండు రోజుల తర్వాత సైదులు చూపించాడు, ఏంది బావా, ఎవడో గీకిండు అన్నాడు. నీళ్ల ట్యాంకరు వాడే, సందులో తిప్పేటప్పుడు గీకిపోయి ఉంటాడని వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను, వాడు కాదు అని దండం పెట్టినా వినలేదు. ట్యాంకరు ఎరుపు. ఎరుపు ట్యాంకరు నీలం గీత ఎట్లా గీస్తుంది? నేను ఆ సంగతి అప్పుడే చూశాను. చూసి తిట్టాను. అరిచినవాడెవడు? వెనక నుంచి అరిచాడు, నన్నే అరిచాడు. నేను ఆ అరుపు దాటి పోతూ సంతోషంగా ఉన్నాను, ఏదో పాట కూడా కూనిరాగం తీశాను. తల్లీ, ఎవరు పడ్డారు? లేచారా? నేను దిగి వేపపుల్ల నములుతూ నిలబడ్డప్పుడు వాళ్లు రోడ్డు మీద ఉన్నారా?

వ్యాను తలుపు ఎడమ పక్క. నీలం గీత తలుపు కిందే. పిల్లలెక్కేది ఎడమ పక్క, దిగేది ఎడమ పక్క. దిగి బండి ముందు నుంచి దాటేది ఎడమ పక్క నుంచే. జోషిత ఒకటో తరగతి, బస్తా ఆమెకన్నా పెద్దది, దిగేటప్పుడు నీళ్ల సీసా జారవిడుస్తుంది, రోజూ, ముందు చక్రం దగ్గరికి దొర్లుతుంది అది, వంగి తీసుకుంటుంది, నేను ఎడమ అద్దంలో ఆమె రెండు జడలు పైకి లేచేదాకా ఆగుతాను, లేచాక టాటా చెబుతుంది, అప్పుడు గేరు. సోమవారం నేను అద్దం తుడుస్తాను. నూలుపోగంత సరిచేస్తాను. చూస్తాను. జడలు కనపడవు, ఖాళీ. గేరు. కారు ముందుకు పోతూనే ఉంది, జపాన్ రోడ్డు అయిపోవడం లేదు, బ్రేకు తొక్కాను, రెండు కాళ్లతో తొక్కాను, నడిరోడ్డు మీద ఆపేశాను, వెనకవన్నీ వచ్చి గుద్దుతున్నాయి, సీటు అదురుతోంది, ఈ అదురు వేరు, ఇది సీటంతా అదురుతోంది. ఇందాకటిది ఎడమ పక్క ఒక్క చోట, ఒక్క చరుపు.

హెడ్‌ఫోన్లు తీసేశాను. గదిలో ఏసీ చప్పుడు. అమల గుమ్మం దగ్గర టీ తాగుతోంది.

"అద్దం గీ పక్కకు పెట్టాలని నీకెట్ల తోచింది బిడ్డా?"

"నాకెక్కడ తోస్తుందండి? ఆంటీ చెప్పారు. ఆ అద్దం ఇటు తేవచ్చా అని అడిగారు."

"ఏ ఆంటీ?"

ఆ పిల్ల టీ గ్లాసు పట్టుకుని నా ఎడమ వైపు చూసింది, మళ్లీ నన్ను చూసింది, ఆ కండ్లల్లో బెదురు. నేను మెడ తిప్పాను. ఈసారి నిజంగా తిప్పాను, నరం పట్టేదాకా, భుజం దాకా. ముందు ఒక స్టూలు కాలు వచ్చింది, తర్వాత ఆకుపచ్చ చీర అంచు, మోకాలి మీద మందుల సంచి, ఆ సంచి మీద చరిచి చరిచి ఎర్రబడ్డ అరచెయ్యి, ఆఖరికి ముఖం. సుమిత్ర. ఏడుస్తూ లేదు. అలసిపోయి ఉంది.

"ఎప్పుడొచ్చినవే?"

"నీతోనే ఒచ్చిన. నీ ఎంబడే దిగిన. ఎడమ దిక్కు నడిసిన, స్టేషన్ల, సందుల, మెట్ల మీద. ఒక్కసారన్న చూస్తవేమో అనుకున్న."

కోపం వచ్చింది, నాకు ముందు వచ్చేది అదే. "తెలిసి ఎందుకు చెప్పలేదే? మూడు నెలల సంది కంచం తిప్పుకుంట కూసున్నవు!"

"చెప్తే ఇంటవా నువ్వు? డాక్టరు చెప్తే ఇన్నవా?" గొంతు పెంచలేదు. "నీ అంతట నువ్వు చూస్తెనే ఇంటవు."

నిజమే. వినేవాణ్ణి కాదు. కంచం విసిరికొట్టి ఉండేవాణ్ణి. అడగాల్సింది ఇంకోటి ఉంది, అది నాలుక చివర ఉంది, అడిగితే జవాబు వస్తుందని భయం.

"బండి మీద నీలం గీత..."

"తుడిసిన. పోలె." సంచి పట్టీ వేలికి చుట్టుకుంది, విప్పుకుంది. "చింతలకుంట కాడ చాయ్ బండోళ్లను అడిగిన. తోపుడు బండి ముసలాయనట. బండి పల్టీ కొట్టింది, ఆయన మోచెయ్యి ఇరిగింది. నీలం బండి. ఎవడో కండ్లు కనవడనోడు గుద్ది ఆపకుండ పోయిండన్నరు. ఇప్పుడు ఎల్బీనగర్ల ఒక్క చెయ్యితోని అమ్ముతుండు. దినాం పోయి కొనుక్కొస్తున్న."

"ఏం అమ్ముతడు?"

ఆమె నా ఒళ్లోకి చూసింది. నా చేతిసంచి నా ఒళ్లోనే ఉంది. జామకాయల వాసన వస్తోంది, ఇందాకటి నుంచీ వస్తూనే ఉండి ఉంటుంది. ఈ వారమంతా తిన్నాను. మంచియి, తియ్యగా ఉన్నాయి అన్నాను కూడా.

అమల గ్లాసు పెట్టేసి బయటికి వెళ్లిపోయింది. తెరల మీద కారు ఇంకా నడిరోడ్డు మీదే అడ్డంగా ఉంది. మెడ నొప్పి పుట్టి ముందుకు తిప్పుకున్నాను, సుమిత్ర పోయింది, స్టూలు పోయింది, మళ్లీ గదిలో నేను ఒక్కణ్ణే. కుడి తెర మీద ఆ చిన్న అద్దం మాత్రం ఉంది, దానిలో కార్లు ఆగి ఉన్నాయి. రేపు ఆ ముసలాయన దగ్గరికి పోవాలి. ఆయన ఎదురుగా నిలబడాలి, ఏమన్నా పడాలి. గంగాధరరావు గారికి ఫోన్ చెయ్యాలి. ఆ మాట ఎట్లా చెప్పాలో తెలియదు. జేబులో చెయ్యి పెట్టాను, వ్యాను తాళంచెవి ఎప్పుడూ కుడి జేబులోనే, పండుకున్నా దిండు కిందే. తీశాను. మెడ తిప్పలేదు. కుడి చేత్తో దాన్ని ఎడమ పక్కకు చాచాను, ముక్కు దాటగానే నా చెయ్యి కూడా లేదు, బరువు ఒక్కటే ఉంది. ఎవరూ లేని చోట, ఏమీ లేని చోట, అట్లాగే పట్టుకుని కూర్చున్నాను. కొంతసేపటికి వేళ్లు తగిలాయి. బరువు పోయింది.